ఉన్న పట్టాల మీదే తేలిక రైళ్లు: విజయవాడ–గుంటూరు–తెనాలి ప్రయాణికులు తరచుగా అడిగే ప్రశ్నలు

లైట్ రైల్ అంటే ఏమిటి? అది మెట్రోనా, ట్రామా, మెమూనా?

ముగ్గురికీ చుట్టమే. మెట్రోకు సొంత దారి ఉంటుంది, దాని మీద వేరే బండి రాదు. ట్రామ్ రోడ్డు మీద ఆటోలు, బస్సుల మధ్య నడుస్తుంది. మెమూ అంటే ఇంజిన్ వేరుగా లేకుండా కొన్ని పెట్టెల కిందే మోటార్లు అమర్చిన రైలు. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు తిరిగే లైన్లోనే అదీ తిరుగుతుంది. ఈ మూడింటి మధ్య ఎక్కడో ఉండేదే లైట్ రైల్. బండి పొట్టిగా, తేలికగా ఉంటుంది. త్వరగా వేగం అందుకుని త్వరగా ఆగుతుంది. అందుకే స్టాపులు దగ్గర దగ్గరగా పెట్టుకోవచ్చు.

ఈ పేజీలో చెబుతున్నది అందులో ఒక రకం గురించే. కొత్త పట్టాలు వేయకుండా, ఇప్పుడున్న రైల్వే లైన్ల మీదే ఇలాంటి బండ్లను తరచుగా నడపడం.

విజయవాడకు మెట్రో వస్తుందంటున్నారు కదా, ఇంకా ఇది ఎందుకు?

రెండూ చేసే పని వేరు. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన విజయవాడ మెట్రో మొదటి దశ 38.4 కి.మీ., అంచనా 11,009 కోట్లు. అంటే కిలోమీటరుకు 286 కోట్ల పైచిలుకు. అది బస్టాండ్ నుంచి గన్నవరం వైపు, పెనమలూరు వైపు వెళ్లే నగర మార్గం. తెనాలి నుంచి రోజూ విజయవాడకు ఉద్యోగానికి వచ్చేవాళ్లకు, మంగళగిరి నుంచి గుంటూరు కాలేజీకి వెళ్లే పిల్లలకు దాంతో పని పడదు.

ఖర్చు పోల్చడానికి మరో రెండు అంకెలు చూడండి. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఎర్రుపాలెం–అమరావతి–నంబూరు కొత్త లైను 57 కి.మీ., 2,245 కోట్లు. కృష్ణ మీద 3.2 కి.మీ. వంతెనతో కలిపి కూడా కిలోమీటరుకు 40 కోట్లు దాటలేదు. ఇక హైదరాబాద్‌లో ఉన్న పట్టాలనే వాడుకుంటూ 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల తొలి దశకు సుమారు 43 కి.మీ.కి 178 కోట్లయింది. కిలోమీటరుకు 4 కోట్లు. అవి 20 ఏళ్ల కిందటి ధరలు, ఇప్పుడు కొన్ని రెట్లు వేసుకోవాలి. అలా వేసుకున్నా మెట్రోకూ దీనికీ మధ్య దూరం పెద్దగా తగ్గదు.

2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో మెట్రో సాధ్యాసాధ్యాలు చూడాలన్నది ఒక్క విజయవాడకే కాదు, విజయవాడ–గుంటూరు–తెనాలి ప్రాంతం మొత్తానికి. ఆ మూడు ఊళ్లనూ కలిపే పట్టాలు మాత్రం ఎప్పటి నుంచో ఉన్నాయి.

ఇక్కడ ఏయే లైన్లు పనికొస్తాయి?

అన్నిటికంటే ముందు ఈ త్రికోణం. విజయవాడ–కృష్ణా కెనాల్–మంగళగిరి–నంబూరు–గుంటూరు సుమారు 32 కి.మీ. గుంటూరు–వేజెండ్ల–సంగం జాగర్లమూడి–తెనాలి సుమారు 25. తెనాలి–దుగ్గిరాల–కృష్ణా కెనాల్–విజయవాడ 32 లోపు. మొత్తం చుట్టూ 90 కి.మీ. లోపే. మూడు భుజాలూ విద్యుదీకరించినవే.

తర్వాత కొమ్మలు. తెనాలి–రేపల్లె 34 కి.మీ. సింగిల్ లైను. విజయవాడ–గుడివాడ–మచిలీపట్నం సుమారు 80 కి.మీ., డబ్లింగ్, విద్యుదీకరణ అయిన లైను. గుంటూరు నుంచి నరసరావుపేట వైపు మరొకటి.

మొదట త్రికోణమే మొదలుపెట్టాలని చాలామంది అంటారు. జనం ఉన్నది అక్కడే, నిజమే. కానీ రైళ్ల రద్దీ కూడా అక్కడే. ప్రయోగం రేపల్లె కొమ్మ మీద మొదలైతే చెడినా నష్టం చిన్నది, నేర్చుకునేది మాత్రం పెద్దది.

పట్టాలు ఉన్నాయి, కరెంటు ఉంది. మరి అడ్డం ఏమిటి?

ఖాళీ. ఏ రైలుకైనా పట్టా ఒక్కటే చాలదు, ఆ పట్టా మీద ఒక వేళ దొరకాలి. రైల్వే వాళ్లు దాన్నే పాత్ అంటారు.

చెన్నై–హౌరా, చెన్నై–ఢిల్లీ ప్రధాన మార్గాలు రెండూ విజయవాడలో కలుస్తాయి. దక్షిణానికి వెళ్లే ప్రతి ఎక్స్‌ప్రెస్, ప్రతి గూడ్సు కృష్ణ దాటి కృష్ణా కెనాల్ చేరాల్సిందే. గుంటూరు లైను అక్కడే విడిపోతుంది. అందువల్ల గుంటూరు తేలిక రైలుకైనా, తెనాలి తేలిక రైలుకైనా మొదటి కొద్ది కిలోమీటర్లూ ఆ ఇరుకు మెడలోంచే. ప్యాసింజర్ ఎక్కినవాళ్లకు ఇది కొత్త కాదు. వంతెన దాకా పరుగెత్తుకొచ్చిన బండి ఔటర్‌లో ఇరవై నిమిషాలు నిలబడుతుంది, కిటికీలోంచి చూస్తే ఒకటి తర్వాత ఒకటి గూడ్సులు పోతూ ఉంటాయి.

ఇది తేలకుండా బండ్లు కొంటే అవి యార్డులో మెరుస్తూ నిలబడతాయి.

ఆ ఇరుకును ఎలా దాటాలి?

మూడు దారులున్నాయి, మూడూ కలిపే వాడాలి.

ఒకటి, సిగ్నళ్లు. పాత పద్ధతిలో ఒక స్టేషన్ నుంచి తర్వాతి స్టేషన్ వరకు ఒక్క రైలే ఉండాలి. మధ్య దూరం 8 కి.మీ. అనుకుంటే, గంటకు 60 కి.మీ. వేగంతో పోయే గూడ్సుకు 8 నిమిషాలు, లైన్ క్లియర్, అంటే లైను ఖాళీగా ఉందన్న అనుమతి, తీసుకుని ఇచ్చేందుకు మరో రెండు మూడు నిమిషాలు. రెండు రైళ్ల మధ్య కనీసం 10, 11 నిమిషాలన్నమాట. ఆటోమేటిక్ సిగ్నళ్లు కిలోమీటరుకు ఒకటి చొప్పున పెడితే అదే లైన్లో 4, 5 నిమిషాలకొకటి పంపవచ్చు. కొత్త వంతెన కట్టకుండా దొరికే పెద్ద లాభం ఇదే.

రెండు, జత కట్టే తీరు. ఇది చాలామందికి తట్టదు. ఆగుతూ వెళ్లే తేలిక బండి సగటు వేగమూ, ఆగకుండా వెళ్లే గూడ్సు సగటు వేగమూ దాదాపు ఒకటే, గంటకు 55–65 కి.మీ. కాబట్టి తేలిక బండిని ఎక్స్‌ప్రెస్ ముందు వదలకూడదు. వదిలితే 32 కి.మీ.లో ఎక్స్‌ప్రెస్ దాన్ని 10 నిమిషాలకు పైగా తరుముకొస్తుంది, చివరికి తేలిక బండినే లూప్‌లో, అంటే పక్క లైన్లో, పెడతారు. గూడ్సు వెనకాల వదిలితే రెండూ ఒకే జోరులో సాగిపోతాయి, ఎవరూ ఎవరికోసమూ ఆగరు. టైంటేబుల్ గీసేవాళ్ల చేతిలో ఉన్న, ఖర్చులేని మందు ఇది.

మూడు, అదనపు లైను. విజయవాడ–గూడూరు మూడో లైను పూర్తయ్యే కొద్దీ ఇక్కడ కొంత ఊపిరాడుతుంది. ఆ ఖాళీలో కొంత భాగం లోకల్ బండ్లదని ముందే రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి. లేకపోతే ఖాళీ ఏర్పడిన మరుసటి రోజే అందులోకి గూడ్సులు వచ్చి కూర్చుంటాయి. రైల్వేకు ఆదాయం తెచ్చేది అవే కనుక తప్పు పట్టలేం.

విజయవాడ దాకా రాకుండా కృష్ణా కెనాల్ దగ్గరే తిప్పేస్తే?

వంతెన సమస్య తప్పుతుంది, ప్రయాణికులూ తప్పుకుంటారు. తాడేపల్లిలో దింపి, వారధి మీద బస్సు ఎక్కించి, మళ్లీ బస్టాండ్‌లో దించితే గుంటూరులో నేరుగా నాన్‌స్టాప్ బస్సు ఎక్కినవాడే ముందు చేరతాడు. మధ్యలో ఒక్కసారి బండి మారమన్నా చాలామంది రారు. పని రోజుల్లో వంతెన మీద ఏదైనా మరమ్మతు పడినప్పుడు మాత్రం ఇది మంచి ప్రత్యామ్నాయం. అందుకోసమైనా కృష్ణా కెనాల్‌లో బండి తిరగడానికి ఒక ప్రత్యేక ప్లాట్‌ఫాం లైను ఉండాలి.

జర్మనీలో రోడ్డు మీది ట్రామే రైలు పట్టాలెక్కి పల్లెలకు పోతుందట. అలా ఇక్కడ చేయలేమా?

కార్ల్స్‌రూ నగరం గురించి అడుగుతున్నారు. 1992 సెప్టెంబరులో అక్కడి ట్రామ్ ఊరి మధ్య వీధిలోంచి బయలుదేరి రైల్వే లైనెక్కి బ్రెటన్ దాకా పోవడం మొదలైంది. వీధిలో 750 వోల్టుల డీసీ, రైల్వే లైన్లో 15 కిలోవోల్టుల ఏసీ, రెండిటికీ పనికొచ్చే బండి. జనం విరగబడి ఎక్కారు. తర్వాత సార్‌బ్రూకెన్, కాసెల్ నగరాలు అదే దారి పట్టాయి.

అయితే అక్కడ ఆ అవసరం ఎందుకొచ్చిందో చూడాలి. కార్ల్స్‌రూ రైల్వే స్టేషన్ ఊరి నడిబొడ్డుకు దూరంగా ఉంది. రైలు దిగి మళ్లీ ట్రామ్ ఎక్కాల్సి వచ్చేది. విజయవాడ స్టేషన్ దిగి నాలుగడుగులేస్తే వన్‌టౌన్, గుంటూరు స్టేషన్ కూడా ఊళ్లోనే. కాబట్టి జర్మనీ వాళ్లు తీర్చుకున్న బాధ మనకు అంతగా లేదు. మనకు కావలసింది బండి వీధిలోకి రావడం కాదు, పదిహేను ఇరవై నిమిషాలకొక బండి రావడం.

ఇంకో తేడా గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం. అక్కడ ట్రామ్‌కూ రైలుకూ ఒకటే గేజ్, 1,435 మి.మీ. మన రైల్వే బ్రాడ్ గేజ్ 1,676 మి.మీ. మన మెట్రోలు ఎక్కువగా 1,435 మీదే వస్తున్నాయి. విజయవాడ మెట్రో ఆ గేజ్‌లో కడితే, దాని బండి ఎన్నటికీ గుంటూరు రైలు పట్టా ఎక్కదు, మెమూ మెట్రో పట్టా ఎక్కదు. ఢిల్లీ మెట్రో మొదటి లైన్లు బ్రాడ్ గేజ్‌లోనే కట్టారు కాబట్టి బ్రాడ్ గేజ్ మెట్రో అసాధ్యం కాదు. ఇది ముందు తేల్చుకోవాల్సిన సంగతి, పిల్లర్లు లేచాక మాట్లాడుకుని లాభం లేదు.

మూడో పట్టా వేసి రెండు గేజ్‌లూ కలపలేమా?

కలపవచ్చు. జర్మనీలోని జ్వికావ్‌లో ట్రామ్ మీటర్ గేజ్, రైలు స్టాండర్డ్ గేజ్. ఊళ్లో కొంత దూరం మూడు పట్టాలు వేసి 1999 నుంచి చిన్న డీజిల్ రైళ్లను వీధిలోకే తెచ్చారు. స్పెయిన్‌లో 1,668, 1,435 రెండూ ఒకే స్లీపర్ల మీద ఉన్న లైన్లున్నాయి. మనకు తేడా 241 మి.మీ., అంటే పక్కపక్కన పడే రెండు పట్టాల మధ్య క్లిప్పులు పట్టే చోటు చాలా ఇరుకు. సాదా లైన్లో ఎలాగోలా సర్దవచ్చు. పట్టాలు చీలే పాయింట్ల దగ్గర మాత్రం ఖర్చూ, నిర్వహణా రెండింతలు కాదు, అంతకన్నా ఎక్కువే. స్టేషన్ యార్డులో ఈ ప్రయోగం వద్దు.

బ్రాడ్ గేజ్ బండినే వీధిలోకి తెద్దామంటే మలుపు తిరగదు. మన రైల్వే నిబంధనల్లో అతి పదునైన వంపు వ్యాసార్ధం 175 మీటర్లు. ట్రామ్ 25 మీటర్లలో తిరిగిపోతుంది. బందరు రోడ్డులో 175 మీటర్ల మలుపు ఎక్కడ పెడతారు?

విదేశీ ట్రామ్‌ను కొని, చక్రాల గేజ్ మార్చి నడిపేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న చాలాసార్లు వస్తుంది. సరిపోదు, మూడు కారణాలు.

మొదటిది ప్లాట్‌ఫాం. మన ఎత్తు ప్లాట్‌ఫాం పట్టా పైనుంచి 760 నుంచి 840 మి.మీ. దాని అంచు ట్రాక్ మధ్య గీత నుంచి 1,670–1,680 మి.మీ. దూరంలో ఉంటుంది. మన పెట్టె వెడల్పు సుమారు 3,240. సగం 1,620 తీసేస్తే పెట్టెకూ అంచుకూ మధ్య మిగిలేది 50, 60 మి.మీ. ట్రామ్ వెడల్పు 2,650. సగం 1,325. మిగిలే ఖాళీ 345 మి.మీ., అంటే జానెడున్నర! చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి ఆ ఖాళీ మీదుగా అడుగు వేయాలి. పైగా లో-ఫ్లోర్ ట్రామ్ నేల ఎత్తు 350 మి.మీ. చుట్టూనే, ప్లాట్‌ఫాం దానికన్నా ఎత్తుగా ఉంటుంది. బండి దిగడం కాదు, బండిలోంచి ప్లాట్‌ఫాం ఎక్కాలి. మడత మెట్లు పెట్టవచ్చు గానీ అవి ఇరుక్కున్న రోజున బండి కదలదు.

రెండోది గుద్దుకుంటే తట్టుకునే బలం. యూరప్ ప్రమాణాల్లో మామూలు ట్రామ్ బాడీ తట్టుకోవాల్సిన నొక్కుడు 200 కిలోన్యూటన్లు. రైల్వే లైనెక్కే ట్రామ్-ట్రైన్‌లకు జర్మనీ 600 అడిగింది, వేగం 100 కి.మీ.కి పరిమితం చేసింది. మెయిన్‌లైన్ రైలు పెట్టెకు 1,500 నుంచి 2,000. 200 బలం ఉన్న బండిని 5,000 టన్నుల బొగ్గు గూడ్సు తిరిగే లైన్లోకి వదలడానికి ఏ భద్రతా కమిషనరూ సంతకం పెట్టరు, పెట్టకూడదు కూడా.

మూడోది చక్రం. ట్రామ్ చక్రం అంచు పల్చగా, పొట్టిగా ఉంటుంది. రైల్వే పాయింట్ల దగ్గర క్రాసింగ్ ముక్కులో చక్రానికి కొద్ది జాగా ఖాళీ ఉంటుంది, వెడల్పు చక్రం దాన్ని అవలీలగా దాటుతుంది, సన్న చక్రం అందులో పడి దెబ్బ తీస్తుంది. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్–రోథర్‌హామ్ ప్రయోగానికి చక్రం ఆకారమే ప్రత్యేకంగా రూపొందించుకోవాల్సి వచ్చింది. ఆ పథకం 2018 అక్టోబరులో మొదలయ్యేసరికి ఖర్చు మొదటి అంచనాకు కొన్ని రెట్లయింది.

మరి మనకు తగిన బండి ఏది?

బ్రాడ్ గేజ్, పూర్తి వెడల్పు, రైల్వే బలం ఉన్న నాలుగు పెట్టెల పొట్టి మెమూ. ఇదేదో గొప్ప ఆవిష్కరణ కాదు, ఉన్నదాన్నే పొట్టిగా చేయడం. కావలసిన లక్షణాలు ఇవి:

- పొడవు 85 మీటర్ల లోపు, రెండు చివరలా డ్రైవర్ క్యాబ్. ఎక్కడైనా దిశ మార్చాల్సి వస్తే ఇంజిన్ తిప్పే పని ఉండదు, లోకో పైలట్ అటు నుంచి ఇటు నడిస్తే చాలు.
- పెట్టెకు ప్రతి వైపూ కనీసం మూడు వెడల్పు తలుపులు, వాటంతట అవే మూసుకునేవి. తలుపు మూతపడితే గానీ బండి కదలకూడదు.
- త్వరణం సెకనుకు సెకనుకు 0.7 మీటర్లకు తగ్గకుండా, గరిష్ఠ వేగం 100–110.
- 25 కిలోవోల్టులకే పనిచేస్తే చాలు. రెండు రకాల కరెంటు అక్కర్లేదు, దాంతో కొంత ఖర్చు తప్పుతుంది.
- 240 దాకా సీట్లు, నిలబడేవాళ్లతో కలిపి 550.
- రద్దీ వేళ రెండు బండ్లు కలిపి ఎనిమిది పెట్టెలుగా నడిపే కప్లర్.

నిజంగా తేలిక బండి, అంటే రైల్‌బస్ లాంటిది, కూడా మన దగ్గర ఉంది. రాజస్థాన్‌లో మెర్తా రోడ్–మెర్తా సిటీ మధ్య, మన కాకినాడ–కోటిపల్లి లైన్లో అవి తిరిగాయి. కోటిపల్లి బండి నేర్పిన పాఠం ఒకటుంది. రోజుకు ఒకటి రెండు సార్లు వచ్చే బండిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అది ఎంత చవకైనా.

పొట్టి బండి అయితే వేగం ఎలా పెరుగుతుంది?

వేగం పెరగదు, ఆగే నష్టం తగ్గుతుంది. లెక్క చూడండి. గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు 27.8 మీటర్లు. ఇంజిన్ తగిలించిన ప్యాసింజర్ సగటున 0.2 చొప్పున వేగం పుంజుకుని, 0.4 చొప్పున ఆగుతుందనుకుంటే, ఒక్కో స్టాపుకు పోయేది సుమారు 104 సెకన్లు. నిమిషం ఆగితే మొత్తం 164. తేలిక బండి 0.7తో పుంజుకుని 1.0తో ఆగితే 34 సెకన్లు, అరనిమిషం ఆగితే 64. పది స్టాపులకు మొదటిదానికి 27 నిమిషాలు నష్టం, రెండోదానికి 11.

విజయవాడ–గుంటూరు 32 కి.మీ. ఆగకుండా 19 నిమిషాలు. పది స్టాపులతో తేలిక బండి 30 నిమిషాలు, పాత ప్యాసింజర్ 46. ఔటర్‌లో ఆపకపోతేనే సుమా.

ఇక్కడ ఒక మెలిక. అరనిమిషం ఆగడం అనేది ప్లాట్‌ఫాం ఎత్తు, తలుపుల సంఖ్య మీద ఆధారపడుతుంది. ఒక్క ఇరుకు తలుపు దగ్గర మిర్చి సంచితో ఒకాయన ఎక్కుతుంటే అరనిమిషం రెండు నిమిషాలవుతుంది. పైన తలుపుల గురించి అంత పట్టుబట్టింది అందుకే.

ఎన్ని బండ్లు కావాలి?

త్రికోణం మొత్తం చుట్టిరావడానికి పరుగు 100 నిమిషాలు, మలుపులకూ ఆలస్యాలకూ కలిపి 120 నిమిషాలు వేసుకోండి. అరగంటకొక బండి ఒక దిక్కున నడపాలంటే 4, రెండు దిక్కులా 8. మరమ్మతులకు, చెడిపోతే మార్చడానికి 2 కలిపి 10. ఇరవై నిమిషాలకొకటి కావాలంటే 12, అదనంగా 2, మొత్తం 14.

పదిహేను నిమిషాలకొక బండి చొప్పున గంటకు నాలుగు వస్తే ఒక దిక్కుకు 2,200 మంది ప్రయాణిస్తారు. తక్కువ రద్దీ ఊళ్లలో నడిపే చిన్న మెట్రో కోసం కేంద్రం 2019లో ఇచ్చిన మెట్రోలైట్ ప్రమాణాలు గంటకు 2,000 నుంచి 15,000 వరకు ఉండే రద్దీకి ఉద్దేశించినవి. అంటే ఉన్న పట్టాల మీద మనం చేరుకోగలిగేది ఆ నిచ్చెనలో మొదటి మెట్టు. దానికన్నా ఎక్కువ ఆశ చూపించేవాళ్ల లెక్కలు మళ్లీ చూడండి.

సింగిల్ లైను కదా, రేపల్లె వైపు ఎక్కువ బండ్లు ఎలా?

సింగిల్ లైన్లో రోజుకు ఎన్ని బండ్లు పడతాయో తేల్చడానికి రైల్వేలో స్కాట్ సూత్రం వాడతారు. అతి పొడవైన సెక్షన్ దాటడానికి 10 నిమిషాలు, లైన్ క్లియర్‌కు 5. రోజుకు 1,440 నిమిషాలను 15తో భాగిస్తే 96. అందులో 70 శాతం తీసుకుంటే 67 బండ్లు, ఒక్కో దిక్కుకు 33. గంటకొకటి కాదు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా అరగంటకొకటి నడపడానికి సరిపోతుంది. కావలసిందల్లా సెక్షన్ 10 నిమిషాలు మించకపోవడం, అంటే సరైన చోట ఒకటి రెండు క్రాసింగ్ లూప్‌లు.

కెనడాలోని ఒట్టావా 2001లో సరిగ్గా ఇదే చేసింది. 8 కి.మీ. పాత గూడ్సు లైను, సింగిల్ ట్రాక్, మధ్యలో ఒకే లూప్, మూడు డీజిల్ రైళ్లు, పదిహేను నిమిషాలకొక సర్వీసు. ఖర్చు 2 కోట్ల 10 లక్షల కెనడా డాలర్లు. రేపల్లె లైనుకు నమూనా కావాలంటే కార్ల్స్‌రూ కన్నా ఒట్టావాయే దగ్గర.

రాత్రి గూడ్సులు, పగలు ప్యాసింజర్లు అని పంచుకోలేమా?

కొమ్మ లైన్లలో పంచుకోవచ్చు. అమెరికాలో సాన్‌డియేగో పాత గూడ్సు లైను కొని 1981 నుంచి పగలు ట్రాలీలు (తేలిక బండ్లు), రాత్రి గూడ్సులు నడిపింది. రెండూ ఒకే వేళ పట్టా మీద ఉండవు కనుక తేలిక బండి బలం గురించిన గొడవ కూడా తీరింది. విజయవాడ–తెనాలి మధ్య ఇది కుదరదు. అక్కడ రాత్రి, పగలు అనే తేడా రైళ్లకు లేదు.

కొత్త హాల్ట్ పెట్టాలంటే ఏమేం కావాలి?

అనుకున్నంత పెద్ద పని కాదు. నాలుగు పెట్టెల బండికి 100 మీటర్ల ప్లాట్‌ఫాం చాలు, ఎక్స్‌ప్రెస్‌ల కోసం కట్టే అరకిలోమీటరు అక్కర్లేదు. డబుల్ లైన్ అయితే రెండు వైపులా ఒక్కొక్కటి. వెడల్పు 5 మీటర్లు, ఎత్తు పైన చెప్పిన 760–840. చివర్లలో 6కు 1 వాలు. చక్రాల కుర్చీకి మాత్రం 12కు 1 వాలుతో వేరే దారి కట్టాలి. నీడ, దీపాలు, మంచినీళ్లు, టికెట్‌కు మొబైల్ యాప్ కోడ్ బోర్డు, ఒక హాల్ట్ ఏజెంట్.

తప్పులు జరిగేది చోటు ఎంపికలో. వంపులో ప్లాట్‌ఫాం కడితే పెట్టె మధ్యలోనో చివరలోనో ఖాళీ పెరుగుతుంది. సిగ్నల్‌కు మరీ దగ్గర కడితే ఆగిన బండి వెనక గేటు మూసే ఉండిపోతుంది. డెల్టా నల్లరేగడిలో ప్లాట్‌ఫాం గోడ వెనక నీరు పోయే దారి లేకపోతే రెండు వానాకాలాల్లో గోడ ముందుకు వాలుతుంది, అది బండికి తగులుతుంది. గోడలో నీటి రంధ్రాలు, వెనక గులకరాయి పొర తప్పనిసరి.

బండ్లు పెరిగితే రైల్వే గేట్ల సంగతి?

ఈ పథకంపై మొదటి ఫిర్యాదు గేటు దగ్గర ఇరుక్కున్న ఆటోవాళ్ల నుంచే వస్తుంది. ఒక్కో బండికి గేటు 4 నిమిషాలు మూసి ఉంటుందనుకోండి. రెండు దిక్కులా పదిహేను నిమిషాలకొకటి అంటే గంటకు 8 బండ్లు, 32 నిమిషాలు మూతే. ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు ఇంకా కలపలేదు. రైళ్లనూ, దాటే వాహనాలనూ గుణిస్తే వచ్చే లెక్క లక్ష దాటిన గేటుకు వంతెన కట్టడం రైల్వే విధానంలో ఉంది. బండ్లు పెరిగితే ఆ లెక్కా పెరుగుతుంది, వంతెన అడిగే హక్కూ వస్తుంది. సర్వీసు మొదలవకముందే ఆ లెక్క మళ్లీ వేయించాలి. అండర్‌పాస్‌లు వద్దని అనం గానీ, బుడమేరు నీళ్లు 2024 సెప్టెంబరులో రాయనపాడు స్టేషన్‌నే ముంచిన ప్రాంతమిది. పంపు లేని అండర్‌పాస్ వానాకాలంలో చెరువే.

భద్రత ఎవరు చూస్తారు? అనుమతులు ఎవరివి?

బండి రూపకల్పనకు లఖ్‌నవూలోని ఆర్‌డీఎస్‌వో, అంటే రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ. పట్టా మీద ఊగుడు పరీక్షలు, బ్రేక్ దూరం పరీక్షలు అక్కడి నిబంధనల ప్రకారమే. ఆ తర్వాత రైల్వే భద్రతా కమిషనర్. ఈయన రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద ఉంటారు, అది మంచిదే. మామూలు రైల్వే లైనెక్కిన బండికి 1989 రైల్వే చట్టం వర్తిస్తుంది, 2002 మెట్రో చట్టం కాదు. ఈ సందేహం తీరక ఫైళ్లు తిరుగుతూ ఉంటాయి కాబట్టి మొదటి ఉత్తరంలోనే రాసేయడం మేలు.

తేలిక బండితో ఒక ప్రత్యేక చిక్కు ట్రాక్ సర్క్యూట్. బండి చక్రాలు రెండు పట్టాలనూ కలిపి చిన్న కరెంటును తెంపితేనే సిగ్నల్‌కు అక్కడ రైలు ఉందని తెలుస్తుంది. బరువు తక్కువై, పట్టా మీద తుప్పు ఉంటే ఆ కలయిక సరిగ్గా జరగదు. రైలు ఉన్నా లేనట్టే చూపిస్తుంది. బండ్లు తక్కువ తిరిగే కొమ్మ లైన్లో ఈ ప్రమాదం ఎక్కువ. అక్కడ చక్రాలను లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు వాడాలి. కవచ్ అనే రైలు రక్షణ వ్యవస్థ ఉంటే ఎరుపు దాటబోయే బండికి తనంతట తనే బ్రేక్ వేస్తుంది. అది బండి బలానికి ప్రత్యామ్నాయం కాదు, అదనం.

నష్టం ఎవరు భరిస్తారు?

అసలు పేచీ ఇదే. ఎంఎంటీఎస్ తొలి దశలో రాష్ట్రం, రైల్వే చెరిసగం పెట్టుకున్నాయి. రెండో దశలో మూడింట రెండు వంతులు రాష్ట్రానిది. నిర్మాణం వరకు వాటాలు తేల్చుకోవడం సులువే. రోజూ నడపడంలో వచ్చే లోటు ఎవరిదన్నది రాసుకోకపోతే, పట్టాల మీద తిరిగే బండ్ల సంఖ్య ఏటా కాస్త కాస్త తగ్గుతుంది, ఎవరూ తగ్గించామని చెప్పరు. ఒప్పందంలో డబ్బు కన్నా ముందు రాయాల్సింది రోజుకు ఎన్ని బండ్లు, ఏ వేళకు, ఎంత శాతం సమయానికి అన్నది.

2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. కాబట్టి 10 రూపాయల రైలు టికెట్ కూడా ఇప్పుడు కొందరికి ఖరీదే. ప్రయాణికుల అంచనా 2025కు ముందు లెక్కలతో వేస్తే తప్పవుతుంది. రైలు ఆకర్షించగలిగేది చవకతో కాదు, నమ్మకంగా 35 నిమిషాల్లో చేర్చడంతో. నెలవారీ పాస్ రైల్లోనూ సిటీ బస్సులోనూ చెల్లితే ఇంకా మంచిది.

మా ప్రయాణికుల సంఘం ఏం అడగాలి? ఎవరిని?

"మాకు మరిన్ని రైళ్లు కావాలి" అని రాస్తే ఆ అర్జీకి జవాబు కూడా అలాగే గాలిలో వస్తుంది. ఒక సెక్షన్, ఒక వేళ, ఒక బండి అడగండి. ఉదాహరణకు, ఉదయం 7 నుంచి 10 మధ్య తెనాలి–విజయవాడ అరగంటకొక నాలుగు పెట్టెల మెమూ, ఏ గూడ్సు పాత్ వెనక నడపవచ్చో సూచిస్తూ. మీ స్టేషన్‌లో వారం రోజులు ఆ మూడు గంటలూ ఎక్కినవాళ్లను, దిగినవాళ్లను చేత్తో లెక్కపెట్టి ఆ పట్టిక జతచేయండి. బస్టాండ్‌లోనూ అలాగే. ఏ రైలు ఎన్ని నిమిషాలు ఔటర్‌లో ఆగిందో నెల రోజులు తేదీలతో రాసిపెడితే అంతకన్నా బలమైన కాగితం ఉండదు.

పంపేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. విజయవాడ–తెనాలి విజయవాడ డివిజన్. కృష్ణా కెనాల్–గుంటూరు, గుంటూరు–తెనాలి, రేపల్లె లైను 2003లో ఏర్పడ్డ గుంటూరు డివిజన్. త్రికోణం చుట్టే బండి రెండు కంట్రోల్ ఆఫీసుల చేతుల మీదుగా పోవాలి. అర్జీ ఇద్దరు డివిజనల్ రైల్వే మేనేజర్లకూ (డీఆర్ఎం), రెండు డివిజన్ల వినియోగదారుల సంప్రదింపుల కమిటీలకూ, ఒకే తేదీతో, ఒకదానిలో రెండోదాని ప్రస్తావన ఉండేలా పంపండి. కొత్త టైంటేబుల్ తయారయ్యే ముందు, కనీసం ఆరు నెలల ముందు.

మా ఊళ్లో స్టేషన్ ఉంది, కానీ రైలు ఆగదు. లైట్ రైల్ వస్తే ఆగుతుందా?

పాత స్టేషన్ ఉన్నచోట ప్లాట్‌ఫాం, సిగ్నల్, దారి అన్నీ ఉంటాయి కాబట్టి అక్కడ ఆపడం అన్నిటికన్నా చవక. చిలువూరు, కొలకలూరు, జంపని లాంటి చోట్ల ప్లాట్‌ఫాం ఎత్తు కొలవండి. పట్టా పై అంచు నుంచి టేపు పట్టి చూస్తే 760 రాకపోతే, ఆ ఎత్తు పెంచే పనే మీ మొదటి అర్జీ.